ఎనిమిది నిమిషాల ముందు విడిచిన ఒక్కపొద్దు

మొయినాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో అటెండర్‌గా పనిచేసి రిటైరైన పెద్దామెను నేను ఖాలా అని పిలుస్తాను. ఖాలా అంటే చిన్నమ్మ. మొదట మర్యాదకే పిలిచాను గానీ, పద్దెనిమిదేళ్లు ఒకే బడిలో మెలిగాక ఆ పిలుపులోకి చుట్టరికం కూడా వచ్చి చేరింది. నా టిఫిన్ డబ్బా మూత తీసి, "గిదేం కూర టీచరమ్మా, నీళ్లల్ల వంకాయలు ఈత కొడుతున్నయ్" అని వెక్కిరించే ధైర్యం బడి మొత్తమ్మీద ఆమె ఒక్కదానికే ఉండేది. మిగిలినవాళ్లు నాతో మాట పెట్టుకోవడానికి వెనకాడేవాళ్లు. హెడ్మాస్టర్లు మారారు, వాళ్లు నాకిచ్చిన పేర్లూ మారాయి. ఏ పేరులోనూ నెమ్మదితనం మాత్రం లేదు.

ప్రతి రంజాన్ నెలలో ఖాలా నన్ను ఇఫ్తార్‌కు పిలిచేది. ప్రతిసారీ నేను తప్పించుకునేదాన్ని. ఆ వేళకు మేముండే చేవెళ్లకు పోయే బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదని ఒక ఏడు, అత్తమ్మకు బాగాలేదని ఒక ఏడు, పేపర్లు దిద్దాలని ఒక ఏడు. నిజం వేరే. మేము చర్చికి పోయేవాళ్లం. వాళ్లు నమాజు చేస్తుంటే నేను ఎటు చూడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి? తెలియని చోట తెలియనిదానిలా కూర్చోవడం నాకు పడదు. పండుగనాడు ఆమె పంపే సేమ్యా గిన్నె మాత్రం పద్దెనిమిదేళ్లూ తీసుకున్నాను.

ఈసారి తప్పించుకోలేకపోయాను. పోయిన రంజాన్ నెలంతా ఖాలా దవాఖానలోనే గడిపింది. షుగర్ ఎక్కువై ఎడమకాలి వేలొకటి తీసేశారు. ఆ నెలలో ఒక్క రోజా కూడా ఉండలేకపోయింది. రోజా అంటే ఉపవాసం. మా వైపు ఎవరి ఉపవాసాన్నైనా ఒక్కపొద్దు అంటారు, ఖాలా కూడా నాతో అదే మాట అనేది. ఈ ఏడు నెల మొదలయ్యే ముందు బస్టాండులో కనబడింది.

"ఈసారి ఒక్కటి గూడ తప్పొద్దని మొక్కుకున్న బిడ్డా. వచ్చే ఏడు ఉంటనో లేదో. ఒక్క నెల నిండుగ అప్పజెప్పాలె అల్లాకు."

"డాక్టర్ ఏమన్నడు?"

"మొదలు వద్దన్నడు. మల్ల పోయి అడిగిన. గోలీల టైములు మార్చి రాసిచ్చిండు."

"ఆయన రాసిస్తే అయిపాయెనా? కండ్లు తిరిగి పడితే ఎవరు చూస్తరు? రోగమున్నోళ్లకు మాఫీ ఉన్నదని మీ దాంట్లనే రాసున్నది ఖాలా. ఉండలేనోళ్లు పేదోళ్లకు అన్నం పెడితే చాలంట."

"ఉండలేనోళ్లు గదా. నేను ఉండగలుగుతనని నేనంటున్న, ఉండలేవని నువ్వంటున్నవ్. కడుపు ఎవరిది?"

"కడుపు నీదే. కాలు ఎవరిది? ఇంకో వేలు పోతే?"

"యా అల్లా, ఈ నోటికి మా మౌల్వీ సాబ్ గూడ ఆగడు," అని ఖాలా చేయి పట్టుకుంది. "గది ఇడువు. ఈసారన్న వస్తవా, రావా?"

వస్తానన్నాను. బస్సు ఎక్కాక కూడా ఆ వాదనలో గెలిచింది నేనా ఆమెనా అనే లెక్కలోనే ఉన్నాను. మా చర్చిలో శుక్రవారం ఉపవాస కూటం పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం రెండున్నరకు ముగుస్తుంది, మూడింటికి బగారన్నం వడ్డిస్తారు. ఇంట్లో ఉప్మా తిని వచ్చినవాళ్లు నాలుగున్నర గంటలు ఉండేదాన్ని ఉపవాసమని ఎట్లా అంటారని పాస్టర్ గారిని నలుగురిలో అడిగిన మనిషిని. పొద్దంతా నీళ్లు కూడా ముట్టనివాళ్ల ముందుకు వెళ్లేటప్పుడు కొంచెం తగ్గి ఉండాలని నాకు అప్పటికైనా తోచి ఉండాల్సింది.

ఇరవై నాలుగో రోజాకు వెళ్లాను. అప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. ఆ సంగతి ఖాలా కోడలు ముందురోజే ఫోన్‌లో చెప్పింది. ఆమె ఇంట్లోనే మిషన్ కుడుతుంది, మా బడి పిల్లల యూనిఫాంలు కూడా ఆమెవే. "అమ్మీ రోజొక గీత గీస్తున్నది మేడం, క్యాలెండర్ మీద. చిన్నపిల్ల లెక్క," అంది నవ్వుతూ. అత్తను ఆమె అమ్మీ అనే పిలుస్తుంది.

విజయవాడలో ఉండే మా చెల్లెలికి ఇఫ్తార్‌కు పోతున్నానని మెసేజ్ పెట్టాను. దానికి అన్నీ కంగారే. "లేట్‌గా పోతే మర్యాద కాదు, టైములు చూసుకో" అని వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టిన రంజాన్ టైం టేబుల్ బొమ్మ నాకు పంపింది. ఆ రోజు గడిలో ఇఫ్తార్ సాయంత్రం ఆరూ పదిహేడు అని ఉంది. నేను ఆరు కాకముందే ఖాలా ఇంట్లో ఉన్నాను.

మసీదు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నేల మీద పొడుగాటి గుడ్డ పరిచి, ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్లు, జగ్గులో గులాబీ రంగు షర్బత్ సర్దిపెట్టారు. సందులోని ఆడవాళ్లు నలుగురైదుగురు వస్తారని, అందరూ కలిసి రోజా విడిచి నమాజు చేస్తారని కోడలు చెప్పి, భజ్జీలు వేయడానికి వెనక వంటింట్లోకి పోయింది. ముందు గదిలో ఖాలా, నేను. ఖాలా పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. కండ్లు మాత్రం సరదాగా ఉన్నాయి.

"పద్దెనిమిదేండ్లకు దొరికినవ్," అంది.

అప్పుడే గాలి లేచింది. మార్చి నెలలో ఒక్కోసారి వస్తుంది అట్లాంటి గాలి; దుమ్ము, రేకుల చప్పుడు, నాలుగు పెద్ద చినుకులు, వెంటనే కరెంటు పోవడం. సందంతా మసకైపోయింది. రావలసిన ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు కిటికీలు మూసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. ఖాలా చెవి మసీదు వైపే ఉంది. రోజా విడిచే వేళకు అక్కడ సైరన్ మోగుతుంది, ఆ వెంటనే అజా, నమాజుకు పిలిచే పిలుపు. షుగర్ వల్ల ఆమెకు చూపు ఆనదు, గోడ గడియారంలో ముల్లు ఎక్కడుందో కనబడదు. నెల రోజులూ ఆమెకు టైమంటే ఆ సైరనే.

నేను ఫోన్ తీసి చూశాను. ఆరూ పద్దెనిమిది.

"ఖాలా, టైమైంది. నిమిషం దాటింది గూడ. విడువు."

"సైరన్ రాలే గదా బిడ్డా."

"కరెంటు లేకపోతే సైరన్ ఎట్ల మోగుతది? పొద్దుగూకింది. బయట చూడు, ఎంత చీకటైందో."

"గది మబ్బు చీకటి గాదా?" అని ఆమె వాకిలి వైపు కండ్లు చికిలించింది. "నిన్న గింత జల్దీ కాలే అనిపిస్తున్నది."

అప్పుడు నేను పాఠం మొదలుపెట్టాను. సోషల్ టీచర్‌ని కదా. పొద్దు రోజూ ఒకే వేళకు గూకదని, భూమి తిరిగే తీరును బట్టి రోజురోజుకూ మారుతుందని, తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పాను. ఖాలా వింది. ఆమె నా పాఠాలు కిటికీ బయట గంట కొట్టే చోటు నుంచి చాలా ఏళ్లు వింది.

"కోడలును ఒక్కసారి అడుగుదామా?"

"ఎందుకు, నా మాట మీద నమ్మకం లేదా?"

ఇప్పటికీ ఆ సాయంత్రం గుర్తుకొస్తే నాకు మొదట వినబడేది ఈ మాటే. చీకటి, ఫోన్, ఆ బొమ్మ, అవన్నీ తరవాత. ఆమె టైం గురించి అడిగింది, నేను దాన్ని నా గౌరవం మీదికి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చిన మనిషిని, అందులోనూ పద్దెనిమిదేళ్లు పిలిచి పిలిచి రప్పించుకున్న మనిషిని, నీ మీద నాకు నమ్మకం లేదని ఏ ఇల్లాలు అనగలదు?

"అయ్యో, అట్లెందుకంటవ్ బిడ్డా. చదువుకున్నదానివి," అని ఖాలా ఖర్జూరం చేతిలోకి తీసుకుంది. కండ్లు మూసుకొని పెదాల మధ్యనే దువా చదువుకుంది. ఖర్జూరం నోట్లో పెట్టుకొని మెల్లగా నమిలి మింగింది. గింజను ఎడమచేతిలోకి తీసి సాసర్లో పెట్టి, నేను అందించిన గ్లాసులోంచి మూడు గుక్కలు నీళ్లు తాగింది. పొద్దంతా ఎండిన గొంతులోకి నీళ్లు దిగడం నేను చూశాను. నా మనసుకు హాయిగా అనిపించింది. అది ఆమె దాహం తీరినందుకో, నా మాట నెగ్గినందుకో ఇప్పుడు చెప్పలేను. చెప్పగలను, చెప్పడం ఇష్టం లేదు.

వంటింట్లోంచి కోడలు కేక వేసింది. "అమ్మీ, ఇంకా ఎనిమిది నిమిషాలున్నది! భజ్జీలు అయిపోవచ్చినయ్, తెస్తున్న!"

ఖాలా చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

నేను ఫోన్ మళ్లీ తీశాను. ఆ బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేశాను. అడుగున సన్నటి అక్షరాల్లో విజయవాడ, పరిసర ప్రాంతాలకు అని ఉంది. ఒక్కో రేఖాంశం తూర్పుకు జరిగేకొద్దీ పొద్దు నాలుగు నిమిషాలు ముందు పొడుస్తుంది, నాలుగు నిమిషాలు ముందు గూకుతుంది. ప్రతి జూలైలో బోర్డు మీద బొమ్మ గీసి, పిల్లలను వరుసగా నిలబెట్టి అడిగి, చెప్పలేనివాళ్లతో పదిసార్లు రాయించే పాఠం అది. విజయవాడ మనకు రెండు రేఖాంశాలకు పైగా తూర్పున ఉంది.

అయ్యో తప్పయిపోయింది ఖాలా అని అనాలి. మనిషి పుట్టుక పుట్టిన ఎవరైనా అనే మాట అదే. నేనేమన్నానో రాస్తున్నాను:

"ఎనిమిది నిమిషాలకు ఏమైతది ఖాలా? దేవుడు గడియారం పట్టుకొని కూసుంటడా?"

ఖాలా నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపంతో ఎట్లా మాట్లాడాలో నాకు తెలుసు.

"కూసుంటడు బిడ్డా," అంది. "గా గడియారం కోసమే గదా, పొద్దటి సంది నేను గూడ కూసున్నది."

గ్లాసు దూరంగా జరిపింది. కొంగుతో మూతి తుడుచుకుంది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, మళ్లీ మసీదు వైపు చెవి పెట్టి కూర్చుంది.

"మరి ఇప్పుడేం చేస్తవ్?" అని మెల్లగా అడిగాను.

"ఏం చేస్త. పొద్దుగూకేదాక ఏం ముట్టకుండ ఉంట. ఇయ్యాల్టిది లెక్కకు రాదు. పండుగయినంక ఇంకో దినం ఉండాలె."

"అయితే నెల..."

"నెల ఇరిగిపోయింది," అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

ఇంతలో కోడలు భజ్జీల పళ్లెం, ఫోన్ లైటు పట్టుకొని వచ్చింది. ఆమె వెనకే సందులోని ఆడవాళ్లు, తలల మీద తువ్వాళ్లు కప్పుకొని, చేతుల్లో గిన్నెలతో. ఫోన్ లైటు నేరుగా సాసర్ మీద పడింది. అందులో తడిగా మెరుస్తున్న ఖర్జూరం గింజ.

"అమ్మీ?" అంది కోడలు. "ఇదేంది?"

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. ఖాలా నాకన్నా ముందు మాట్లాడింది.

"సైరన్ ఇన్నట్టు అనిపించింది నాకు. చీకటైంది గదా, అయిందనుకున్న. ఈ చెవులు మోసం చేసినయ్."

"మేడం పక్కనే ఉన్నరు గదా, అడగకపోతివి?"

"మేడం ఫోన్ల ఉన్నది. నేనే ఆగలేకపోయిన."

వచ్చినవాళ్లలో ఒక లావుపాటి ఆమె, మాట మాటకూ నవ్వించే మనిషి, గిన్నె కింద పెడుతూ, "సైరన్ మసీదుల కాదు, ఖాలా కడుపుల మోగింది!" అంది.

అందరూ నవ్వారు. పొద్దంతా నోరెండిన మనుషులు, గాలివానలో పరుగెత్తుకొచ్చిన మనుషులు, వాళ్లకు ఆ నవ్వు కావాలి. "ముసలితనంల చిన్నపిల్ల అయిపోయినవ్ ఖాలా" అని ఒకరు, "ఇరవై నాలుగు దాక ఆగి ఎనిమిది నిమిషాలు ఆగకపోతివి" అని ఇంకొకరు. ఖాలా తల వంచుకొని తనూ నవ్వినట్టు చేసింది. నేను కూడా నవ్వాను. బలవంతంగా కాదు. పదిమందితో పాటు ముఖం దానంతట అదే నవ్వింది. మాట కోసం ఎవరితోనైనా బస్టాండులో నిలబడి కొట్లాడే నోరు, అవసరమైన ఆ ఒక్క నిమిషంలో పండ్లు చూపించి ఊరుకుంది.

తరవాత మైకు లేకుండానే మసీదు డాబా మీది నుంచి అజా వినబడింది. ఉత్త గొంతు, గాలికి తెగుతూ. అందరి చేతులూ ఒకేసారి ఖర్జూరాల మీదికి పోయాయి. పక్కామె నా చేతిలో ఒకటి పెట్టింది. నేను తిన్నాను. ఖాలా మాత్రం అందరూ తీసుకున్నాక చివర ఒక పుచ్చకాయ ముక్క తీసుకుంది.

పళ్లేలు పక్కకు జరిపి, చాపలు పరిచి, ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. ఖాలాకు కాలు మడతపడదు కాబట్టి వరుస చివర ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను తల మీద కొంగు వేసుకొని వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఇన్నేళ్లూ భయపడ్డానే ఎటు చూడాలో తెలియదని, అప్పుడు చూడడానికి చాలానే ఉంది. వాళ్లు ముందుకు వంగినప్పుడల్లా నాకు ఎదురుగా అరికాళ్లు కనబడేవి. పగిలిన మడమలు, గోరింటాకు పోయిన వేళ్లు, మెట్టెలు నొక్కిన గుర్తులు. నేలకు నుదురు ఆనించే వేళ ఖాలా కుర్చీలోనే తల వంచుతోంది. ఆమె ఎడమ పాదంలో వేలు లేని ఖాళీ నా కంటికి ఆనుతూనే ఉంది. ఆ కాలు గురించే కదా నేను అంత వాదించింది.

నమాజు అయిపోయాక అందరూ చేతులు దించినా ఖాలా చేతులు చాలాసేపు పైనే ఉన్నాయి. ఏమడుగుతోందో నాకు తెలియదు. నా గురించి చెప్పి ఉండదు. ఆ నమ్మకమే నన్ను కూర్చోనీయలేదు. బగారన్నం, దాల్చా పెట్టారు. బాగుందని రెండుసార్లు చెప్పాను. రాత్రి పెద్ద నమాజుకు వాళ్లు మళ్లీ చాపలు సర్దుతుంటే బస్సు పోతుందని చెప్పి లేచి వచ్చేశాను.

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి, మా ఇంట్లో మాటలన్నీ నేనే వాడేసుకుంటానని అంటాడు. అంతా విని, "రేపే పో. ఆమెకు ఒక్కదానికే చెప్పు, తప్పయిందని. వేరేవాళ్ల ముంగట గాదు," అన్నాడు.

"వేరేవాళ్ల ముంగట కదా ఆమె పరువు పోయింది?"

"నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు, ఎప్పుడూ లెక్కచేయలేదు.

మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. ఒంటిపూట బడి, పన్నెండున్నరకే గేటు దాటుతాను, ఆ సందు గేటుకు ఎదురుగానే ఉంది. అటు చూడకుండా బస్టాండుకు నడిచేదాన్ని. కానీ మనసులో మాత్రం మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. ఎట్లా మొదలుపెట్టాలి, రేఖాంశాల సంగతి ఎక్కడ తేవాలి, చివర ఏమనాలి. ఆ మాటలు బాగా కుదిరాయి కూడా. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే తెలియాల్సింది. నిజంగా తప్పు ఒప్పుకోవడానికి అంత కుదిరిక ఎందుకు?

పండుగ రోజు షీర్ ఖుర్మా తాగడానికి రమ్మని కోడలు ఫోన్ చేసింది. వెళ్లాను. ముందు గది నిండా మనుషులు. కొత్త బట్టల వాసన, అత్తరు, పాలు మరిగిన వాసన. నేను గిన్నె అందుకున్నానో లేదో ఆ లావుపాటి ఆమె మళ్లీ అందుకుంది. "మేడం, మా ఖాలా కడుపు సైరన్ సంగతి మీ బడిల గూడ చెప్పిండ్రా?"

నేను గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాను. అవును, నిలబడ్డాను, క్లాసులో లాగా. ఆ రోజు తప్పు ఖాలాది కాదు, నాదని మొదలుపెట్టాను. చెల్లెలు పంపిన బొమ్మ, సన్నటి అక్షరాలు, రేఖాంశానికి నాలుగు నిమిషాలు, నమ్మకం లేదా అని నేనన్న మాట, అంతా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. పిల్లలు కూడా నిశ్శబ్దంగా విన్నారు. చివరి మాట అనేసరికి నాకు కండ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కూర్చున్నప్పుడు ఒళ్లు తేలికైంది, జ్వరం దిగినట్టు.

అందరూ నన్ను చూస్తారనుకున్నాను. అందరూ ఖాలాను చూస్తున్నారు.

"అంటే," అంది ఆ లావుపాటి ఆమె, ఈసారి నవ్వకుండా, "సైరన్ ఇన్న అన్నది అబద్ధమా ఖాలా? రోజాల దినం?"

వాళ్లలో పెద్దామె ఒకరు "చుప్," అని కసిరింది. కానీ మాట బయట పడిపోయింది. అబద్ధం ఆడడం ఎప్పుడూ తప్పే. ఆ నెలలో, ఆ పూట, నోటితో ఏమీ ముట్టకుండా కాపాడుకుంటున్న పూట ఆడడం ఇంకా ఎంత తప్పో ఆ గదిలో పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం అప్పుడు తెలిసింది. ఖాలా ముఖం పాలిపోయింది. కోడలి వైపు తిరిగి, "మేడంకు ఇంకో గిన్నె పొయ్యి," అంది.

వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చింది ఖాలా, చేతికర్ర ఆనించుకుంటూ. నేను, "ఇప్పుడు నా మనసు తేలికైంది ఖాలా," అన్నాను. ఇంకా అర్థం కాలేదు నాకు.

"అయితది," అంది. "నీది తేలికైంది." గేటు గడియ మీద చేయి పెట్టింది. "ఎదుటోళ్ల తప్పు కప్పితే దేవుడు మన తప్పు కప్పుతడని మా అమ్మ చెప్పేది బిడ్డా. నేను ఒకటి కప్పిన. నాకూ దేవునికీ నడుమ ఉంటదనుకున్న. గది నువ్వు వాకిట్లకు తెచ్చి ఆరబెట్టినవ్."

"నిజం చెప్పడం తప్పా?"

నిజంగా అడిగాను ఈ ప్రశ్న. అప్పుడు కూడా వాదనే.

ఖాలా గేటు గడియ తీసింది. "బస్సు పోతది, పో," అంది.

పది రోజుల తరవాత కోడలు యూనిఫాంల కొలతల పుస్తకం తీసుకోవడానికి బడికి వచ్చి, "రేపు అమ్మీ ఒక్కపొద్దు ఉంటున్నది మేడం. ఆ ఒక్కదానికి బదులు," అని చెప్పింది. "షుగర్ మల్ల పెరిగింది, ఎండలు చూస్తే గిట్ల, వద్దని నేను ఎంత చెప్పినా ఇనలే. మీరన్న చెప్పుండ్రి."

నేను చెప్పలేదు. ఏ ముఖంతో చెప్పను? మార్చిలో పోయిన పూటకు ఏప్రిల్ ఎండలో బదులు తీర్చాలి. పగలు కూడా అప్పటికన్నా పొడుగు. ఇల్లంతా తింటూ ఉంటే ఒక్కతే ఉండాలి.

ఆ రోజు నేను కూడా ఉందామనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా. నాలుగింటికి లేచి రెండు చపాతీలు తిని నీళ్లు తాగాను. మా ఆయన నిద్రలో, "ఏమైంది?" అంటే, "ఏంలేదు" అన్నాను. పది దాకా బాగానే ఉంది. రెండు పీరియడ్లు గొంతు చించుకున్నాక స్టాఫ్ రూంలో అల్లం చాయ్ వచ్చింది. గ్లాసు అలవాటుగా నా ముందు పెట్టారు. దాన్ని చూస్తూ కొంతసేపు కూర్చున్నాను. తరవాత తాగాను. బిస్కెట్లు కూడా తిన్నాను. ఆమె నెలంతా ఉన్నదాంట్లో ఒక్క రోజు, అదీ ఆరు గంటలకు మించి నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం చేవెళ్ల వెళ్లి, అన్నం తిని, సాయంత్రం ఒక పుచ్చకాయ కొనుక్కొని మళ్లీ బస్సెక్కాను. ఎవరూ పిలవలేదు. కోడలు నన్ను చూసి గేటు తీసింది. ముందు గదిలో ఈసారి పొడుగాటి గుడ్డ లేదు. చిన్న పీట మీద ఒక పళ్లెం, అందులో మూడు ఖర్జూరాలు, పక్కన నీళ్ల గ్లాసు. ఖాలా గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. కండ్లు లోపలికి పోయాయి. నన్ను చూసి, "రా, కూసో," అంది. అంతే. నేను ఫోన్ సంచిలోనే ఉంచి కూర్చున్నాను.

ఫ్యాన్ తిరుగుతోంది. బయట ఇంకా ఎర్రటి వెలుతురు. ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు, టైం చూడలేదు. మసీదు మైకులో గరగరమని చప్పుడై, అజా మొదలైంది. మామూలు రోజులు కదా, సైరన్ ఉండదు.

కోడలు పళ్లెం ముందుకు జరిపింది. "అయింది అమ్మీ, విడువు."

ఖాలా ఖర్జూరం చేతిలోకి తీసుకుంది. నోటి దాకా తెచ్చి ఆగింది.

"నీ ఫోన్ల ఎంతయింది?" అని కోడలిని అడిగింది.

"ఆరున్నర దాటింది. అజా అయితున్నది గదా."

"మన మసీదుదేనా?"

"మనదే అమ్మీ. ఆలస్యం చెయ్యొద్దంటరు, తిను."

"జర బయటికి పోయి అడిగి రా. పక్కింటోళ్లను."

కోడలు నా వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకొని, చెప్పులు వేసుకొని బయటికి పోయింది. సందులోంచి ఆమె గొంతు, ఎవరిదో జవాబు వినబడుతున్నాయి. అజా ముగిసింది. పెదాలు ఎండి చీలిపోయిన ఆ ముసలామె, పద్నాలుగు గంటలు నీళ్లు ముట్టని మనిషి, నీళ్లు ఎదురుగా పెట్టుకొని ఆగి ఉంది.

"కోపం గాదు బిడ్డా," అంది ఖాలా, నా వైపు చూడకుండానే. "ఏందో, భయం పట్టుకున్నది."

కోడలు గేటు దగ్గర నుంచే, "అయిందంట అమ్మీ, అందరిండ్లల్ల అయిందంట!" అని అరిచింది. ఖాలా అప్పుడు కూడా ఆమె లోపలికి వచ్చి, ఎదురుగా కూర్చుని, తల ఊపేదాకా ఆగింది. ఆ తరవాతే తిన్నది.